కాలే బండ మీద డ్రిల్లక్క

నా చిన్నప్పుడు బాస్కెట్‌బాల్‌లో బంతిని ఎక్కడి నుంచి వేసినా రెండే పాయింట్లు. ఇప్పుడు గీత అవతల నుంచి వేస్తే మూడిస్తారని ఈమధ్యే టీవీలో చూసి తెలుసుకున్నాను. ఆ మూడో పాయింటు మా కాలంలోనే ఉండి ఉంటే, నాకు నచ్చజెప్పడానికి మా డ్రిల్లక్క అంత పని చేయాల్సి వచ్చేది కాదు. 

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను కడపలో మిషను హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. నాయన లేడు. అమ్మ కర్నూల్లో ఒక ఆసుపత్రి వంటింట్లో పని చేసేది. దసరాకు రాలేదు, క్రిస్మసుకూ రాలేదు. నన్ను బస్సెక్కించి తీసుకుపోయేవాళ్ళు ఎవరూ లేరు. అలాంటప్పుడు, ఎండాకాలం సెలవులకు ముందు మా ఆడపిల్లల జట్టు కర్నూలుకు పోయి ఆడుతుందని చెప్పారు. జట్టులో ఉంటే అమ్మను చూస్తాను, లేకుంటే లేదు. ఆట మీద నాకున్న ప్రేమంతా అదే, దాచుకోవడం ఎందుకు.

డ్రిల్లక్క అంటే మాకు ఆటలు నేర్పే టీచరు. టీచరును పేరుతో పిలవకూడదు కాబట్టి పిల్లలందరం అలాగే అనేవాళ్ళం. పొట్టిగా, సన్నగా, పొదుపుగా మాట్లాడే మనిషి. బడి మొత్తం మీద గుడ్డ బూట్లు ఉన్నది ఆమెకే. మేమంతా పరికిణీలు ఎగదోపుకుని ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళం. సాయంత్రం మైదానం మగపిల్లలది. మాకు మిగిలింది మధ్యాహ్నం అన్నం తిన్న తరువాతి ఎండ.

మా వైపు ఏది బాగు చేయాలన్నా బండలు పరచడమే. బుట్ట కింద నేల గుంతలు పడుతోందని ఎవరో పెద్దమనిషి మంచి మనసుతో రెండు పక్కలా నల్ల కడప బండలు పరిపించాడు. వసారాలో చల్లగా ఉండే బండ ఎండలో ఏమవుతుందో ఆ మహానుభావుడికి తోచలేదు. దాని మీద కాలు పెడితే పెనం మీద పెట్టినట్టే. పిల్లలు బుట్ట కిందికి వచ్చి, గంతులేసి, బంతిని ఎటో విసిరేసి పారిపోయేవాళ్ళు. నేను పారిపోయేదాన్ని కాదు. మైదుకూరు దగ్గర మా పల్లెలో శనక్కాయ చేలల్లో తిరిగి మొద్దుబారిన కాళ్ళు నావి. పైగా అందరికంటే పొడుగు. బండ మీద నిలబడి చెయ్యి చాపితే బంతి నాకే వచ్చేది. బుట్ట కింద నేనే రాణిని అనుకోండి.

ఒకరోజు డ్రిల్లక్క ఆట ఆపి నా దగ్గరికి వచ్చింది. “కర్నూల్లో బండలు ల్యావు పాపా. ఆ పిల్లోళ్ళు నీకంటే పొడుగు, అందరూ బుట్ట కిందే ఉంటారు. నువ్వు దూరంగా నిలబడి ఏసేది నేర్చుకో. నీకోసం వాళ్ళు బయటికొస్తే మనోళ్ళకు లోపల సందు దొరుకుతాది” అంది.

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. దూరం నుంచి నేను వేస్తే బంతి బుట్ట దాకా కూడా పోయేది కాదు. నన్ను జట్టులోంచి తీసేయడానికే ఈ ఎత్తు అనుకున్నాను. “యాడి నుంచి ఏసినా రెండే గదక్కా, దూరం పోయి ఎందుకు ఏసేది?” అన్నాను. మాట సబబుగానే ఉంది, ఇప్పటికీ అంటాను. ఆమె బయటికి రమ్మంది. నేను రానన్నాను.

నా కాళ్ళు మొద్దువే గానీ ఇనుపవి కావు. అప్పటికే అరికాళ్ళు బొబ్బలెక్కి, ఎవరికీ తెలియకుండా ఆముదం రాసుకుంటున్నాను. ఆ రోజు మంటకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా కదల్లేదు. కదిలితే అమ్మ లేదు, అంతే నాకు తెలిసింది.

కొడుతుందనుకున్నాను. ఆమె మట్టిలో కూర్చుని బూట్లు విప్పింది, మేజోళ్ళు విప్పింది. వచ్చి నా పక్కన బండ మీద నిలబడింది.

బిత్తరపోయాను. ఎండ ఎరగని పాదాలు అవి. ముఖంలో ఏ మార్పూ లేదు, మెడ మీద నరం మాత్రం లేచి కొట్టుకుంటోంది.

“దిగక్కా, కాలతాది” అన్నాను.

“నీకు కాలడం ల్యా గదా. నాకూ కాలడం ల్యా” అంది.

 నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాగాను. ఆ ఏడుపులోనే అసలు సంగతి బయటపడింది. “నన్ను తీసేస్తే మా అమ్మను యాడ చూసేది?” అన్నాను.

ఆమె నావైపు తిరిగింది. “తీసేస్తానని నీకు ఎవురు చెప్పినారు? నిన్ను తీసకపోయేదానికే గదా నేర్పిస్తాండేది” అంది.

మర్నాడు పాదాలకు గుడ్డలు చుట్టుకుని, కుంటుతూ వచ్చి, మోకాళ్ళు వంచి బంతిని ఎట్లా లేపాలో చూపించింది. చెప్పింది చెప్పినట్టు చేశాను. ఎదురు చెప్పే ధైర్యం పోయింది.

కర్నూల్లో అంతా ఆమె అన్నట్టే ఉంది. బుట్ట కింద పొడుగు పిల్లలు గోడ కట్టినట్టు నిలబడ్డారు. దూరం నుంచి నేను వేసిన మొదటి బంతి ఎటో పోయింది, ఎవరో నవ్వారు కూడా. తరువాతది పడింది. ఇంకోటి పడింది. అప్పుడు వాళ్ళు నా మీదికి ఉరికి వచ్చారు. మా జట్టులో అందరికంటే చిన్నపిల్ల వాళ్ళ వెనక సందులోంచి పోయి, తీరిగ్గా బంతి వేసి వచ్చింది.  బయట నేను నిలబడితేనే లోపల దానికి దారి దొరికిందన్నమాట. గెలిచాం.

కబురందుకుని అమ్మ వంటింటి చీరతోనే మైదానానికి వచ్చింది. గెలుపు సంగతి అడగలేదు. నన్ను కూర్చోబెట్టి, కాలు ఒళ్ళోకి తీసుకుని, మానుతున్న మచ్చలు చూసి “ఏమైనాదే ఇది?” అంది. బండ సంగతి, డ్రిల్లక్క సంగతి చెప్పేశాను. అమ్మ లేచి పోయి, అందరూ చూస్తుండగా డ్రిల్లక్క ముందు నేల మీద కూర్చుంది. ఆమె వద్దు వద్దంటున్నా వినకుండా బూటు విప్పింది. మేజోడు తీయబోతే రాలేదు. పచ్చిపుండుకు అతుక్కుపోయి ఉంది.

 నా కాళ్ళు మానాయి గానీ ఆమెవి మానలేదు. ఆ కాళ్ళను బూట్లలో దాచుకుని ఇన్నాళ్ళూ మాతో పాటు పరుగెత్తింది. అమ్మ కొంగు నీళ్ళలో తడిపి, కొంచెం కొంచెంగా ఆ గుడ్డను నానబెట్టి తీసింది.

ఇప్పుడు మా మనవరాలు అలిగితే మేడెక్కి ఎండలో కూర్చుంటుంది. నా మోకాళ్ళ సంగతి అందరికీ తెలుసు, కింద నుంచి ఒక కేకేస్తే పోదా అంటారు ఇంట్లోవాళ్ళు. నేను ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కి, పోయి దాని పక్కన కూర్చుంటాను. బంతిని దూరం నుంచి వేయడం నేర్చుకున్నాను గానీ, మనిషిని దూరం నుంచి పిలవడం నాకు ఈనాటికీ చేతకాలేదు.