వేడి ఎక్కడ ఆగింది

నా చిన్నప్పుడు మా బచ్చన్నపేట ఇంట్లో చలికాలం స్నానమంటేనే పెద్ద గొడవ. ఆ ఏడు మా అక్క పురిటికి వచ్చింది. పచ్చి బాలింత, ఒళ్లో రోజుల పిల్ల. ఇద్దరికీ పూటపూటా వేడినీళ్లు కావాలి. కట్టెల పొయ్యి మీద కాచి, బకెట్లు మోసి మోసి నా భుజాలు పడిపోయేవి.

చూడలేక బాపు జనగామ నుంచి కొత్త రాగి బాయిలర్ తెచ్చాడు. కింద బొగ్గులు రాజేస్తే, కాగిన నీళ్లు గొట్టంలోంచి స్నానాలగదికి పోవాలి. కొత్త గొట్టాలెందుకని, గోడకు ఎప్పటినుంచో ఉన్న ఇనుప గొట్టాలకే దాన్ని బిగించాడు. బాయిలర్ కుతకుతలాడింది. నల్లా తిప్పితే చుక్క రాలేదు. విప్పాడు, బిగించాడు, దుకాణదారుణ్ణి తిట్టాడు, మమ్మల్ని తిట్టాడు. మూడు రోజులు ఇదే తంతు. మూడోనాడు పొద్దున చంటిది చలికి గుక్కపట్టి ఏడుస్తుంటే నాకు ఒళ్లు మండింది. రోకలి తెచ్చి గొట్టాన్ని ఒక్కటి వేశాను. అతుకు ఊడి తుప్పునీళ్లు వాకిలంతా పారాయి.

బాపు చెయ్యెత్తాడు. అప్పుడే లోపలికి వచ్చిన ఆయన అన్న, మా పెద్దబాపు, ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆయన రైల్వేలో ఆవిరి ఇంజన్లు బాగుచేసినవాడు.

"పోరిని కొడితే నీళ్లొస్తయా? జర ఆగు," అన్నాడు.

అతుకు సరిచేసి, మళ్లీ బొగ్గులు రాజేయించి, నా అరచెయ్యి గొట్టం మీద పెట్టాడు.

"మెల్లగ జరుపుకుంట పో బిడ్డా. వేడి యాడ ఆగుతదో చెప్పు."

వెచ్చగా, వెచ్చగా పోయి, గొట్టం తలుపు మీదుగా ఎక్కి దిగే వంపు దగ్గర చటుక్కున చల్లబడింది. ఎత్తుపీట మీద నిలబడి "ఈడనే పెద్దబాపూ!" అని అరిచాను.

"గాలి ఇరుక్కున్నది. గా గాలి పోతెనే నీళ్లకు తొవ్వ."

ఆ వంపు దగ్గర బిగింపు కాస్త వదులు చేయగానే బుస్సుమని గాలి పోయింది. మళ్లీ బిగించి నల్లా తిప్పితే మొదట ఎర్రటి నీళ్లు, తర్వాత తేటగా, పొగలు కక్కుతూ వచ్చాయి. నీళ్లు పోస్తుండగానే అక్క కాళ్ల మీద చంటిది నిద్రపోయింది. బాపు వాకిట్లో పడున్న రోకలి తీసి మూలన పెట్టాడు.

కోపం నాకిప్పటికీ తక్కువేమీ కాదు. మొన్న సోలార్ హీటర్ బిగించి, నీళ్లు రాకపోయేసరికి పాత పైపులన్నీ పీకాలన్న కుర్రాడి మీద నోటిదాకా వచ్చిన తిట్టు మింగి, మోకాళ్లు వద్దంటున్నా స్టూలెక్కి, పైపు తడిమి, గాలి ఇరుక్కున్న చోట వదిలాను. పాడైన వస్తువు మీదికి రోకలి కంటే ముందు నా అరచెయ్యే పోతుంది. మనుషుల దగ్గర మాత్రం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.