రెండు ముక్కలైన పరుపు

ఊళ్ళో సగం మందిని నిద్రపుచ్చే మనిషికే కంటి మీద కునుకు లేదంటే ఎవరైనా నవ్విపోతారు. అందుకే పరుపుల మేస్త్రి ఆ సంగతి బయట పెట్టలేదు. తెలిస్తే ఇక కొట్టు మూసుకోవడమే అనుకున్నాడు. పైగా ఆయనది మొండిఘటం. లోపమేదో పరుపులోనే ఉందని తేల్చేశాడు. నడుం వాల్చాడో లేదో పిక్కల్లో పురుగులు పాకినట్టుండేది. కాళ్ళు కదిలిస్తేనే కాస్త నెమ్మది. నల్లులన్నాడు, దూది మంచిది కాదన్నాడు. సొంత పరుపు విప్పి, దూది ఏకి, ఎండలో వేసి మళ్ళీ కుట్టాడు. ఎన్నిసార్లు విప్పాడో ఆయనకే గుర్తులేదు. పాపం, ఆ పరుపు ఏం చేసిందని?

ఇంతలో ఆయన భార్య మోకాళ్ళ నొప్పులని వంక పెట్టి పక్క గదిలో చాప వేసుకుంది. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. తను కుట్టిన పరుపు కట్టుకున్నదానికే పనికిరాలేదా? నోరు తెరిచి అడిగితే పోయేది. అడగలేదు. ఉక్రోషం పట్టలేక కత్తెర తీసి, జోడు పరుపును నిలువునా రెండు ముక్కలు చేసి, ఒకటి ఆమె గదిలో పడేశాడు. ఆమె దాన్ని చాప మీద పరుచుకుంది. ఇక ఈ మనిషి తన పక్కకి రాదని మేస్త్రి లోలోపల కుమిలిపోయాడు.

పగలు కూర్చుంటే తూగు. అలా తూగుతూ ఓ రోజు పరుపులు కుట్టే దబ్బనం అరచేతిలో దింపుకున్నాడు. భార్యే ఆసుపత్రికి లాక్కెళ్ళింది. కట్టు కడుతున్న నర్సమ్మ ఆయన కళ్ళు చూసి, "నిద్ర పడుతోందా మేస్త్రిగారూ?" అంది.

"పడకేం," అన్నాడు మేస్త్రి. నర్సమ్మ వదిలే రకం కాదు. నిద్ర పట్టనివాళ్ళని చూసే డాక్టరమ్మ దగ్గర కూడా ఆమే పనిచేస్తుంది.

"మీరు చెప్పండమ్మా. పక్కన పడుకునేవాళ్ళకే బాగా తెలుస్తుంది," అంది భార్యతో.

ఆమె తటపటాయించింది. "నిద్రలో తన్నుతారండీ. ఆయనకి తెలీదు. తెలిస్తే బాధపడతారని చెప్పలేదు," అని మోకాలి కింద కమిలిన మచ్చలు చూపించింది.

మేస్త్రి వంగి ఆ మచ్చలు చూశాడు. "ఎంత పని చేశానే," అన్నాడు.

"మీరేం చేశారు, మీ కాళ్ళు చేశాయి," అందామె.

నర్సమ్మ ఒక్కొక్కటే అడిగింది. నడుం నొప్పికి ఏళ్ళ తరబడి పరగడుపునే బిళ్ళలు మింగుతున్నాడని తేలింది. "మలం నల్లగా వస్తోందా?" అనేసరికి, "ఇవేం ప్రశ్నలమ్మా," అని గొణిగి, తల దించుకుని, అవునన్నాడు. పరీక్షలయ్యాక డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. ఆ బిళ్ళలతో కడుపులో పుండు పడి రక్తం పోతోంది, ఒంట్లో ఇనుము అడుగంటింది, అందుకే కాళ్ళకి ఆ పాకుడు, నిద్రలో ఆ తన్నుడు. పుండుకి మందిచ్చి, నడుం బిళ్ళలు మాన్పించి, ఇనుము బిళ్ళలు రాసింది.

ఆ తర్వాత నర్సమ్మ వారం వారం ఫోన్ చేసేది. టీతో బిళ్ళ వేసుకోవద్దనేది. తగ్గలేదని ఈయన విసుక్కుంటే, "నిదానంగా తగ్గుతుంది, మానకండి," అనేది. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ ఇప్పుడు మేస్త్రే తన కథంతా చెప్పేవాడు. "తోడబుట్టింది కూడా అంత ఓపిగ్గా అడగదు. ఆ తల్లి చల్లగా ఉండాలి," అనేవాడు.

కాళ్ళు నెమ్మదించాయి. ఓ ఆదివారం మధ్యాహ్నం భార్య అంచులు పట్టుకుంటే, మేస్త్రి రెండు ముక్కల్నీ కలిపి కుట్టాడు. ఎలా ఉందో చూద్దామని ఇద్దరూ నడుం వాల్చారు.

"మధ్యలో కుట్టు గుచ్చుకుంటోందండీ."

"విప్పి మళ్ళీ కుడతాలే."

"మీకో దణ్ణం, ఇంక విప్పొద్దు," అని ఆమె ఆ కుట్టు దాటి ఇటు జరిగింది.

కాసేపటికే ఆమెకి నిద్ర పట్టేసింది. ఆమె కాలు ఆయన కాలి మీద పడింది. మేస్త్రి తన కాలు తీయలేదు. తీయాలని అనిపించనూ లేదు.