పై ఇంటి నీళ్ళు

ఆమె ఓ మేడ గోడ వారగా ఇస్త్రీ బల్ల వేసుకుని ఇల్లు నెట్టుకొస్తోంది. ఎండలు ముదరగానే పై ఇంటి ఏసీ గొట్టంలోంచి నీళ్ళు కారి, మడతపెట్టిన చొక్కాలు తడిసిపోసాగాయి. విసిగిపోయి రెండిళ్ళవాళ్ళు బట్టలివ్వడం మానేశారు.

"అక్కా, గొట్టం కాస్త పక్కకి తిప్పిస్తారా?"

"తిప్పితే బండ్ల మీద పడతాయి. నీ బల్లే జరుపుకో," అంది పై ఇంటావిడ.

జరపడానికి జాగా ఏదీ? మర్నాడు ఆమె గొట్టానికి పాత ట్యూబు తగిలించి, రెండో కొస డబ్బాలో పెట్టింది. సాయంత్రానికి డబ్బా నిండింది. బట్టల మీద చిలకరించడానికి ఇక కుళాయి తిప్పే పని తప్పింది. మిగిలిన నీళ్ళు గేటు పక్కన వాడిపోయిన మొక్కలకు పోసింది.

అవి చిగురు వేశాక పై ఇంటావిడ బకెట్టుతో దిగింది. "ఏమమ్మా, మా నీళ్ళన్నీ నువ్వే వాడేసుకుంటున్నావా? ఇల్లు తుడుచుకోవడానికి నాకూ సగం ఇవ్వు."

"చొక్కాల మీద పడ్డప్పుడు ఎవరివో తెలీలేదు, ఇప్పుడు మీవయ్యాయా అక్కా?"

ఆవిడకు నవ్వాగలేదు. ఓ చల్లటి రోజు డబ్బా ఖాళీగా కనబడితే కిటికీలోంచి పిలిచింది. "నీ కోసం కాసేపు ఏసీ వెయ్యనా?"

"వద్దక్కా, నీళ్ళ కోసం ఏసీ వేస్తే నలుగురూ నవ్విపోతారు. మీ దుప్పట్లు పంపండి చాలు."

దుప్పట్లతో పాటు, మానేసిన ఇళ్ళ చొక్కాలు కూడా ఆవిడే అడిగి పట్టుకొచ్చింది.