కళ్లకు తువ్వాలు కట్టుకున్న తండ్రి

ఆస్పత్రిలో ప్రతి వస్తువూ తన చోటనే ఉండాలని నర్సింగ్ విద్యార్థినులకు ఉద్యోగకాలమంతా బోధించాను. విరమణ తరువాత దూలపల్లిలో బస్సెక్కి, మేడ్చల్ వైపున్న ఒక సర్కారు దవాఖానాకు వెళ్లి కాన్పులకు స్వచ్ఛందంగా సాయపడుతున్నాను. అక్కడ వస్తువులు తమ చోట ఉండటం అటుంచి, కొన్ని అసలు ఉండవు. ఆ ఉదయం మాత్రం లేనివన్నీ ఒక్కసారే అవసరమయ్యాయి.

శామీర్‌పేట నుంచి వచ్చిన అమ్మాయి నెలలు నిండకముందే మగబిడ్డను కన్నది. బిడ్డ ఏడ్చాడు, ఊపిరి సక్రమంగానే ఉంది. కానీ బరువు తక్కువ, పాదాలు చల్లబడుతున్నాయి. తల్లికి రక్తస్రావం ఆగలేదు. డాక్టరమ్మా, నర్సూ ఆమె దగ్గర నుంచి కదలలేరు. పసివాళ్లను వెచ్చగా ఉంచే వార్మర్ ఒక్కటే. అందులో అప్పటికే మరో బిడ్డ ఉంది. ఇక మిగిలింది మనిషి ఒంటి వేడి. బిడ్డను ఎవరైనా ఒంటికి ఒళ్లు తగిలేలా రొమ్మున కట్టుకోవాలి, అదీ వెంటనే.

వెంట వచ్చిన బిడ్డ నానమ్మకు దగ్గు, జ్వరం. ఆమెను తలుపు బయటే ఆపి, తండ్రిని లోపలికి పిలిచాను. ప్లాట్ల బేరాలు చేసే యువకుడు. తెల్లచొక్కా ఇస్త్రీ ఇంకా నలగలేదు.

"చొక్కా విప్పండి" అన్నాను.

"నేనా మేడమ్?"

"ఈ గదిలో ఇంకెవరికైనా కొడుకు పుట్టాడా?"

అతను బొత్తాల మీద చెయ్యి వేశాడో లేదో, తలుపు దగ్గర నుంచి వాళ్లమ్మ కేక పెట్టింది.

"ఆగురా! పంతులుకు ఫోన్ జేసిన. మూలా నచ్చత్రంల వుట్టిండట. శాంతి జేసి, నూనెల నీడ జూసినంకనే తండ్రి మొకం జూడాలె."

అతని చెయ్యి ఆగిపోయింది. నాకు ఒళ్లు మండింది. అయితే బిడ్డ పాదాలు నా అరచేతిలో ఉన్నాయి; వాటికి నా వాదనతో పనిలేదు.

"పంతులుగారు ముఖం చూడవద్దన్నారు. ఎత్తుకోవద్దన్నారా?"

"గట్లయితే అనలే."

"మరి కళ్లు మూసుకుంటే?"

"వీడా? మూసుకుంటడా! లగ్గంల తెర దియ్యకముందే తొంగిజూసిండు."

"అమ్మా, గా ముచ్చట ఇప్పుడెందుకే!"

అతని భుజం మీది తువ్వాలు తీసి కళ్లకు నేనే గట్టిగా ముడివేశాను. కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టాను. బిడ్డకు టోపీ తొడిగి, అతని రొమ్ము మీద నిలువుగా పడుకోబెట్టి, ముక్కుకు గాలి ఆడేలా తల పక్కకు తిప్పి, మెత్తని పాత చీరతో ఇద్దరినీ కలిపి చుట్టాను.

"మస్తు సల్లగున్నడు మేడమ్. ఏం గాదు గదా?"

"మీరు కదలకండి."

చీర కిందికి వేళ్లు పోనిచ్చి పాదాలు తాకాను. మార్పు లేదు. ఊపిరి గమనించాను, మళ్లీ తాకాను. చల్లగానే ఉన్నాయి. ఎన్ని వందల పాదాలు పట్టి చూసిన చేతులివి, అయినా మళ్లీ మళ్లీ తాకుతూనే ఉన్నాయి. తల్లి ఉన్న లోపలి గది నుంచి నర్సు తల బయటపెట్టి, "రక్తం ఆగింది మేడమ్!" అంది. ఆ సంతోషంలోనే మరోసారి తాకాను. మడమలు గోరువెచ్చగా ఉన్నాయి! నా వేళ్లను నమ్మక థర్మామీటరు పెట్టి చూశాను. అదీ అదే మాట చెప్పింది. జీవితంలో ఎన్నడూ ఆస్పత్రిలో గొంతు పెంచని నేను, "వెచ్చబడ్డాడు!" అని అరిచాను.

అంతలో తండ్రి ఉలిక్కిపడ్డాడు. "మేడమ్, జల్దీ రాండ్రి! నోటితోని ఏందో ఎతుకుతుండు!"

"పాలు."

"నా దగ్గరనా?"

"నీ దగ్గరేమున్నయిరా!" నానమ్మ నవ్వుతూ దగ్గింది. "వాని తల్లికియ్యి పో!"

బిడ్డను తీసుకెళ్లి తల్లి రొమ్మున చేర్చాను. రెండుసార్లు జారాడు. మూడోసారి దవడ కదిలింది, గుటక వినిపించింది. ఆ అమ్మాయి కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. తలుపవతల తండ్రి ఆగలేకపోతున్నాడు.

"తాగుతుండా? ఓయ్, తాగుతుండా?"

అలసిన గొంతు కూడదీసుకుని ఆమె బదులిచ్చింది. "తాగుతుండు. జర లొల్లి జెయ్యకుండ్రి."