పల్లీ పాలు తోడుకున్న వారం

నా బిడ్డా అల్లుడూ పెళ్ళైన ఏడాదికే పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం అన్నీ మానేశారు. చివరికి తేనె కూడా. జంతువు నుంచి వచ్చేది ఏదైనా సరే, నోట పెట్టరు. ఆ సంగతి వాళ్ళు నాకు చెప్పడానికి వచ్చిన రోజున మా ఇంట్లో తలకాయ కూర ఉడుకుతోంది. "మీ నోరు మీ ఇష్టం, నా కూర చల్లారుతుంది" అని చెప్పి నేను తినేశాను. వాళ్ళు చింతకాయ తొక్కుతో తిని వెళ్ళారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు, పిల్ల పుట్టింది. తల్లిపాలు మానిపించాక అదీ వాళ్ళ తిండి మీదే పెరగాలన్నారు. డాక్టరమ్మను అడిగి, ఆమె రాసిన చుక్కల మందు వేస్తున్నారు. పిల్లకు ఇప్పుడు నాలుగో ఏడు. గోడలెక్కుతుంది, గేటు పట్టుకుని వేలాడుతుంది. బలం లేదని ఎవరైనా అంటే వాళ్ళకు ఒక పూట అప్పజెప్తాను.

బిడ్డ ఆఫీసు ఊరికి అవతలి వైపు. పొద్దున్నే స్కూటీ మీద పాతబస్తీకి వచ్చి, మా గల్లీలో పిల్లను దింపి, సాయంత్రం తీసుకుపోతుంది. నేను సర్కారు దవాఖానలో ఆయాగా చేసి రిటైరయ్యాను. ఆయన పోయాక ఒక్కదాన్నే ఉంటున్నాను. పిల్లను మొదటిసారి దింపినప్పుడే బిడ్డ షరతు పెట్టింది.

"అమ్మా, మా తిండి సంగతి నీకెరుకే. నీతోని అయితదంటేనే పిల్లను ఉంచుత. కాదంటే చెప్పు, మా ఆఫీసు కాడ క్రెష్ ఉంది, గాడ ఏస్త. నేనేమనుకోను."

"క్రెష్‌ల ఎవరుంటరే?"

"పిల్లల్ని చూసుకునేటోళ్ళు."

"వార్డు నిండ రోగుల్ని చూసుకున్న. గింత పిల్లను చూసుకోనా? స్కూటీ తియ్యి, గల్లీల దారికి అడ్డముంది."

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. అదీ తెలుగు వరకే. బిస్కెట్ పొట్లం మీద రాసింది ఇంగ్లీషు, చీమ తలకాయంత. అందులో పాలపొడి ఉందో లేదో నాకు తెలియదు. తెలియనిది పిల్లకు పెట్టను. అందుకని పొట్లాల జోలికే పోలేదు, అన్నీ ఇంట్లోనే వండాను. పొద్దున బెల్లం, కొబ్బరి వేసిన రాగి జావ. మధ్యాహ్నం అన్నం, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. సాయంత్రానికి జొన్నరొట్టె, కాకపోతే నువ్వుల ఉండ. సర్వపిండి చేసే రోజు పిల్లకు పండగ. గిన్నె అడుగున పిండి అద్ది, నూనె దిగడానికి వేలితో బొక్కలు పెడతాం కదా, ఆ బొక్కలు పెట్టే పని దానిది. పొయ్యి ఎక్కించకముందే గిన్నె దాని చేతికి ఇస్తాను. పిండిని జల్లెడ చేసి ఇస్తుంది.

ఇదంతా నేను చిన్నప్పుడు తిన్న తిండే. ఒక్క తేడా ఉంది. మేము నెయ్యి లేక తినలేదు, వీళ్ళు ఉండి తినరు. రెండూ ఒకటేనని నేను అబద్ధం చెప్పను.

చిక్కు వచ్చింది పెరుగు దగ్గర. పెరుగన్నం తినకుండా నాకు భోజనం చేసినట్టు ఉండదు. పిల్ల ముందు తినడం ఎందుకని, దానికి పెట్టి, మూతి కడిగి బొమ్మల ముందు కూర్చోబెట్టి, వంటింట్లో గోడ వైపు తిరిగి నిలబడి తినేదాన్ని. ఒకరోజు వెనక నుంచి వచ్చి చీర లాగింది.

"అమ్మమ్మా, నీ బువ్వ తెల్లగుంది. నాది గట్ల లేదు."

"ఇది ముసలోళ్ళు తినే బువ్వ బిడ్డా."

"నేను గూడ ముసల్దాన్నే."

ఆ రోజు నుంచి కంచం ముందు నుంచి లేవదు. పప్పు తింటుంది, పులుసు తాగుతుంది, చివరికి కంచం చాపి 'తెల్లబువ్వ' అంటుంది. కొబ్బరి పాలు పోసి కలిపి పెట్టాను. వాసన చూసి, "ఇది నీ బువ్వ కాదు" అంది. బిడ్డకు చెబితే ఎక్కడి నుంచో సోయా పెరుగు డబ్బా తెచ్చింది. పిల్ల నోట్లో పెట్టుకుని "సబ్బు" అని ఉమ్మేసింది. నేనూ నాకి చూశాను, పిల్ల తప్పేం లేదు. రెండు మూడు రోజులకు అసలు పప్పన్నం కూడా మానేసి, ముందు తెల్లబువ్వ పెడితేనే తింటానని మొండికేసింది. నాకు తల తిరిగిపోయింది.

అప్పుడు నాకే తోచింది, పల్లీలతో పాలు తీయవచ్చు కదా అని. పొద్దున్నే నానబోసి, పొట్టు తీసి, రుబ్బి, గుడ్డలో పిండాను. పాలు చిక్కగా వచ్చాయి. పచ్చివాసన పోయేదాకా కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేసి మూత పెట్టాను. మర్నాటికి గట్టిగా తోడుకుంది. అన్నంలో కలిపి, జీలకర్ర, కరివేపాకు పోపు పెట్టి ఇచ్చాను. పిల్ల కంచం ఊడ్చి మళ్ళీ పెట్టించుకుంది. అప్పుడు నన్ను చూడాలి, దవాఖానలో పెద్ద ఆపరేషన్ నేనే చేసినంత గర్వం.

సాయంత్రం బిడ్డ రాగానే గిన్నె ముందు పెట్టాను.

"అమ్మా! గిది నిజంగ పల్లీలదేనా?"

"నా చేతుల పొట్టు గింకా పోలే, చూడు."

చెంచాతో తీసి నోటి దాకా తెచ్చింది. అక్కడ ఆగింది.

"తోడు దేనితోని పెట్టినవ్?"

"దేనితోని పెడతరే? పెరుగుతోని."

చెంచా గిన్నెలో పెట్టేసింది. అప్పటికి గానీ నాకు వెలగలేదు. నిజం చెబుతున్నాను, తోడు కూడా పెరుగు లెక్కలోకే వస్తుందని నాకు తట్టలేదు. పొయ్యి రాజేసే అగ్గిపుల్లను ఎవరూ కూరలో లెక్కపెట్టరు. తోడు కూడా నాకు అలాంటిదే.

"పిల్ల తిన్నదా?"

"రెండుసార్లు పెట్టించుకున్నది. ఒక్క చెంచ తోడుకు గింత లొల్లి చేస్తవేంది?"

"ఇయ్యాల ఒక్క చెంచ అంటవ్. రేపు ఒక్క ముక్క అంటవ్."

"అనను. పిల్లకు నేనెన్నడన్న ముక్క పెట్టిన్నా?"

బిడ్డ గిన్నె మీద మూత పెట్టింది. దానికి కోపమొస్తే అరవదు, మెల్లగా మాట్లాడుతుంది. అదే నాకు భయం.

"తెల్వక చేసినవ్ అమ్మా, నాకెరుకే. కని ఆఫీసుల కూసొని పిల్ల ఏం తిన్నదో అని ఫికర్ పడుకుంట నేను పని చెయ్యలేను. ఈ వారం ఎట్లనన్న గడువనీ. సోమవారం సంది క్రెష్‌ల ఏస్త."

"ఏస్కో. గాడ సబ్బు పెరుగు పెడతరు" అన్నాను. స్కూటీ వెళ్ళాక గిన్నె ముందు కూలబడ్డాను. పిల్ల రాకపోతే ఈ ఇంట్లో పొద్దంతా నేను ఎవరిని తిట్టాలి?

మర్నాడు పొద్దున మిద్దె మీద గిన్నెలు తోముతున్నాను. మా మిద్దె, పక్కింటి మిద్దె కలిసే ఉంటాయి. పక్కింటి ఆపా నాకంటే ఏడాది పెద్ద. ఇద్దరం ఒకే నెలలో కోడళ్ళుగా వచ్చాం ఈ గల్లీకి.

"ఏంది అక్కా, గిన్నెలేం పాపం చేసినయ్? హమారె ఘర్ తక్ ఆవాజ్ ఆరీ, మా ఇంటి దాక సప్పుడు."

నాకంటే పెద్దదైనా నన్ను అక్కా అంటుంది. నేను ఆపా అంటాను, వాళ్ళ భాషలో అదీ అక్కే. ఎవరూ తగ్గం. జరిగిందంతా చెప్పాను.

"తోడు లేకుంట పెరుగెట్లయితది ఆపా? తోడు పెరుగుల నుంచే రావాలె. నా బిడ్డ పెరుగు తగలొద్దంటది. అల్లా మియా వచ్చినా గిది తెగది."

ఆపా నడుము మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "కర్ఫ్యూ మే క్యా కరె థే అపన్? భూల్ గయీ?"

కర్ఫ్యూలో ఏం చేశామో నేను నిజంగానే మరిచిపోయాను. మేము కొత్త కోడళ్ళుగా ఉన్నప్పుడు ఒకసారి కర్ఫ్యూ పెట్టారు. గడప దాటేది లేదు. బర్రెలాయన వెనక సందులో నుంచి పాలు మాత్రం అందించేవాడు. కూరగాయలు లేక ఇంట్లో ఉన్న పెరుగంతా తిన్నాం, తోడుకు చుక్క మిగల్లేదు. ఆపా వాళ్ళింట్లోనూ అదే గతి. అప్పుడు ఆపా అత్త పచ్చిమిరపకాయల తొడిమలు గుప్పెడు తుంచి, గోరువెచ్చని పాలలో వేసి మూత పెట్టింది. ముసలామెకు కర్ఫ్యూ తలకెక్కిందని మేమిద్దరం ఇదే మిద్దె మీద కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాం. పొద్దున మూత తీస్తే పెరుగు. పలుచగా ఉంది కానీ పెరుగే.

"గప్పుడు బర్రె పాలు ఆపా. ఇయ్యి పల్లీల పాలు."

"మిర్చీ కూ క్యా మాలూమ్, కిస్‌కా దూధ్ హై? ఎవరి పాలో మిరపకాయకేం ఎరుక? ఏసి చూడు. నీదేం పోతది?"

వేసి చూశాను. మొదటిసారి తొందరపడి, పాలు వేడిగా ఉండగానే తొడిమలు వేశాను. మర్నాడు మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి, మిరపకాయ కషాయం వాసన మాత్రం వచ్చింది. పారబోశాను. ఆ రోజు మళ్ళీ పల్లీలు నానబోశాను. పిల్ల కూడా పక్కన కూర్చుంది. మిరపకాయలు ముట్టుకుంటే కళ్ళల్లో పెట్టుకుంటుందని, దానికి వేరే పని చెప్పాను: నేను నలిపిన పల్లీల పొట్టును చాటలో ఊదడం. పొట్టంతా నా తలలోకి ఊదింది.

ఈసారి చిటికెన వేలు ముంచితే హాయిగా ఉండేదాకా ఆగాను. తొడిమలు వేసి, గిన్నెను పాత దుప్పట్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాను. తోడుకుంది, కానీ సల్లకంటే ఒక మెట్టు పైన, అంతే. కొంచెం ఘాటు కూడా ఉంది. పిల్ల వేలితో నాకి, "కారం కారం" అని గంతులు వేసింది. ఆ పలుచటి దానిలోంచే ఒక గరిటె తీసి, కొత్తగా తీసిన పల్లీ పాలకు తోడు వేశాను. శనివారం సాయంత్రం పాలు కాచి పెడితే, ఆదివారం పొద్దునకు గిన్నె వంచినా కదలలేదు. ఘాటు పోయింది. పల్లీల వాసన ఉంది, అది ఉంటుంది, ఏం చేస్తాం?

ముందు ఆపాకు గోడ మీద నుంచి గిన్నె అందించాను. రుచి చూసి, నాలుక చప్పరించి తీర్పు చెప్పింది.

"పెరుగైతే కాదు అక్కా. పెరుగు చెల్లెలు."

చాలు అనుకున్నాను. అల్లుడు ఆ రోజు పని మీద ఊళ్ళో లేడు. బిడ్డకు ఫోన్ చేసి అన్నానికి రమ్మన్నాను. "ఎందుకమ్మా" అంది. "క్రెష్‌కు పోయేముందు పిల్లకు ఒక పూట తినిపిస్త, వస్తవా రావా?" అన్నాను. వచ్చింది. ముగ్గురం కింద కూర్చున్నాం. పుంటికూర పప్పు, ఆలుగడ్డ వేపుడు అయిపోయాక గిన్నె మధ్యలో పెట్టాను. బిడ్డ నోరు తెరవకముందే నేనే చెప్పాను.

"తోడు మిరపకాయ తొడిమలది. ముందుగాల తొడిమలతోని చేసిన, దాన్ని దీనికి తోడేసిన. బర్రె పెరుగు గరిటె గూడ దీని దగ్గరికి రాలే. నా పెరుగుకు వేరే గిన్నె, వేరే గరిటె, పై అరల పెట్టిన. నేను బర్రె పెరుగు మాననే మానను, గది నీకు ముందే చెప్తున్న. పిల్ల పోయినంక తింట. నమ్మితే తిను, లేకుంటే లెవ్వు."

"మిరపకాయ తొడిమలా?"

"ఆపాను అడుగు."

అడగక్కర్లేకపోయింది. కిటికీ అవతల నుంచే ఆపా గొంతు వచ్చింది: "సచ్ హై బేటీ, నిజమే! ఖావ్, తిను!" ఎంతసేపటి నుంచి వింటోందో ఏమో.

బిడ్డ అన్నంలో కలుపుకుంది. ఒక ముద్ద తిన్నది. ఇంకొకటి తిన్నది. అది పెరుగన్నం తిని ఏళ్ళవుతోంది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి, గిన్నెలోనే అన్నం వేసుకుని కలిపి తినే పిల్ల. కంచం ఖాళీ చేసి, మళ్ళీ గరిటె ముంచింది. పిల్ల చూసింది.

"అమ్మా! గది నాది!"

"నీకు పెట్టింది కదా అమ్మమ్మ."

"మొత్తం నాదే! అమ్మమ్మా, చూడు, అమ్మ తినేస్తున్నది!"

"పిల్లతోని కొట్లాడుతవేందే, సిగ్గు లేదా?" అన్నాను. గిన్నె ఇద్దరి చేతుల్లో ఉంది. అడుగున ఉన్నది పిల్ల గీకి తిన్నది. మూతి, ముక్కు, ఒక చెవి తెల్లగా అయ్యాయి.

చేతులు కడుక్కుంటున్నప్పుడు సూటిగా అడిగేశాను. నాకు చుట్టు తిప్పి మాట్లాడడం రాదు.

"క్రెష్ సంగతేంది?"

బిడ్డ తువ్వాలు తీసుకుని నెమ్మదిగా చేతులు తుడుచుకుంది. "నేనడగకముందే తోడు సంగతి చెప్పినవ్ కదమ్మా" అంది. "ఇగ ఆఫీసుల కూసొని నాకేం ఫికర్ లేదు. వాళ్ళకు ఫోన్ చేసి రామని చెప్త."

"ఇప్పుడే చెయ్యి."

"ఆదివారం ఎత్తరమ్మా."

"ఎత్తకుంటే మెసేజ్ పెట్టు. నా ముందట పెట్టు."

పెట్టింది. అది ఇంగ్లీషులో ఉంది, నాకు చదవరాదు. చదివి వినిపించమన్నాను, వినిపించింది.

సోమవారం పొద్దున స్కూటీ చప్పుడు వినబడింది. పిల్ల దిగి, ఒక చెప్పు గల్లీలో, ఒక చెప్పు గడప లోపల విడిచి నేరుగా వంటింట్లోకి ఉరికింది. బిడ్డ స్కూటీ ఇంజను ఆపకుండానే నన్ను దగ్గరికి పిలిచింది.

"అమ్మా, సాయంత్రం నాకు గూడ ఒక గిన్నె తీసిపెట్టు. జెర దానికి కనబడకుంట."

"ఇద్దరు చిన్నపిల్లలైతిరి నాకు" అని తిట్టి పంపించాను. లోపలికి వెళ్ళి చూస్తే, పిల్ల అప్పటికే పల్లీల డబ్బా నేల మీదికి లాగి మూత కోసం గింజుకుంటోంది. మూత తీసి, రోజూ పోసేదానికి ఇంకో రెండు గుప్పెళ్ళు ఎక్కువ నానబోశాను.