మూడో స్టేషన్‌లో స్టూలు

సూర్యాపేట ఇంజనీరింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా అసెంబ్లీ లైన్‌లో పని ఎలా పంచాలో పాఠం చెబుతున్నాను. అసెంబ్లీ లైన్‌ను మాత్రం ఎన్నడూ చూడలేదు. మిర్యాలగూడ రైస్ మిల్లు సేటు ఒకాయన "మా ప్యాకింగ్ లైన్ జర చూసి పోండ్రి సార్" అని పిలిస్తే, నా అంతటివాడు లేడనుకుని ఉదయం ఏడుంబావు బస్సెక్కాను. మీరు వెళ్లేటట్టయితే ఎడమవైపు కూర్చోకండి, ఎండ మొహాన కొడుతుంది.

తొమ్మిదిన్నరకు మిల్లులో ఉన్నాను. లైన్ మీద ఐదు స్టేషన్లు, ఐదుగురు ఆడవాళ్లు. ఒకరు గొట్టం కింద సంచి పడతారు, ఒకరు తూకం సరిచేస్తారు, మూడో ఆమె స్టూలు మీద కూర్చుని చీటీ వేస్తుంది, నాలుగో ఆమె మూతి కుడుతుంది, ఐదో ఆమె ఎత్తి బండి మీద పేరుస్తుంది. స్టాప్‌వాచీతో అరగంట నిలబడ్డాను. తూకానికి ఎనిమిది సెకన్లు, చీటీకి నాలుగు, మిగతా పనులకు పన్నెండేసి. ఎనిమిదీ నాలుగూ పన్నెండు! ఇంత చక్కటి లెక్క పాఠ్యపుస్తకంలో కూడా దొరకదు. 'తూకం మనిషే చీటీ వేయాలి. ఒక మనిషి, ఒక స్టూలు మిగులు' అని ఒంటిగంటకు సేటు ఫోన్‌కు పంపేశాను.

అన్నాల వేళ, తూకం దగ్గర నేను చూసిన యాదమ్మ అడిగింది. "ఏం రాసిండ్రు సారూ?"

గొప్పగా చెప్పాను.

"ఎవర్ని తీస్తరు? గా స్టూలు మీద గంటకొకలం మారి కూసుంటం. దినమంతా నిలబడితే నడుములుంటయా?"

అరగంట చూసినవాడికి గంటకోసారి జరిగేది ఎలా కనిపిస్తుంది? సేటు దగ్గరికి పరుగెత్తాను. స్టూలు అప్పటికే తీయించాడు.

"రేపటి సంది నలుగురే సార్. లెక్క మీదే గద, ఇగ ఎనకకు పోవుడేంది?" అన్నాడు. బయటికొస్తుంటే యాదమ్మ నా వైపు చూడలేదు. సిగ్గేసింది.

ఐదు గంటల బస్సులో సీటు లేదు. కాసేపటికే కాళ్లు పీకసాగాయి. సగం దూరం వచ్చాక, కిటికీ పక్కనున్న పెద్దాయన లేచాడు.

"ఇంతసేపు నేను కూసున్న. ఇగ మీరు కూసోండ్రి సారూ."

కూర్చుని సేటుకు మెసేజ్ పెట్టాను. 'నా లెక్క తప్పు. ఐదుగురినీ ఉంచండి, స్టూలు అక్కడే వేయండి.'

సూర్యాపేటలో దిగుతుంటే జవాబొచ్చింది. 'స్టూలు ఆఫీసులో ఏసినం సార్. మళ్ల మీరొస్తే కూసునేటందుకు.'