నాచు బంక, చింతగింజల బంక

మా నాన్న గీసిన అమ్మవారి పటం నాకు రావలసింది. ఆ గుడ్డ విప్పి, బొమ్మలు చూపిస్తూ ఊరూరా కథ చెప్పడమే మా ఇంటి బతుకు. నా గొంతు బాగుండదని నాన్న దాన్ని అక్క భర్తకిచ్చేశాడు. నాకు పటాల మరమ్మతు మిగిలింది. అదీ ఓర్చుకున్నాను. కానీ పాలకొల్లులో బావ నలుగురిలో, "మా బావమరిదికి దేవుడు గొంతివ్వడం మరిచిపోయి బంకిచ్చాడండీ!" అని అందరినీ నవ్వించాడు. ఆ నవ్వు నా లోపల ఉండిపోయింది.

కొన్నాళ్లకు అదే పటం నా దగ్గరికొచ్చింది. అమ్మవారి ముఖం మీద రంగు పెచ్చులు లేస్తోంది. అలాంటి చోట నాన్న సముద్రపు నాచు బంక వాడేవాడు. బెస్తవాళ్లు ఎండుచేపలతో పాటు తెచ్చే నాచును ఉడికించి, వడగట్టి, పలచగా అద్దాలి. అది రంగును లాగదు. పొరపాటు జరిగితే తడి తగలగానే వదిలిపోతుంది. నేను చింతగింజల బంక చిక్కగా కాచి పూశాను. ఆరేకొద్దీ బిగిసి రంగును గుడ్డ నుంచి పీకేస్తుందని తెలిసే పూశాను. పూస్తున్నంతసేపూ హాయిగా ఉంది.

పటం కోసం అక్క వచ్చింది.

"నాచు వాసన రాదేంటి తమ్ముడూ?"

"ఎండలో ఆరబెట్టానుగా. నీకు చేపల కంపు కొట్టాలా ఏంటి?"

నవ్వుతూ తీసుకెళ్లింది.

పెనుగొండలో బావ కథ చెబుతున్నాడని తెలిసి, కాలవ పడవెక్కి మరీ వెళ్లాను. జనం ముందు పటం విప్పగానే అమ్మవారి ముఖం పెచ్చులుగా ఊడి ఆయన కాళ్ల దగ్గర రాలింది. ఆయన గొంతు ఆగిపోయింది. నేను కోరుకున్నది అదే. అక్క వంగి ఒక పెచ్చు తీసి, తడి వేలితో రుద్ది చూసింది. బంక కరగలేదు. భర్త చెవిలో ఏదో చెప్పింది.

"ఏమైందండీ?" అని ముందు వరసలో ఎవరో అడిగారు.

బావ నన్ను చూశాడు. "వానకి తడిసిందండి. తప్పు నాదే," అని మళ్లీ పాట ఎత్తుకున్నాడు.

తర్వాత ముఖం తిరిగి గీస్తానంటే గియ్యనివ్వలేదు. ముఖంలేని అమ్మవారితోనే కథ చెప్పుకున్నాడు. అడిగిన ప్రతి ఊళ్లోనూ వాననే నిందించాడు. నలుగురిలో నన్నొక్కసారి తిడితే బాగుండునని ఆయన పోయేదాకా ఎదురుచూశాను. తిడితే నాకు మళ్లీ కోపం తెచ్చుకునే వీలుండేది.